తారుమారైన చీటీలు

టాటానగర్ దగ్గర పర్సుడీహ్‌లో తెలుగువాళ్లుండే వీధిలో కంప్యూటర్‌ని కళ్లారా చూసినవాడు కూర్మారావు ఒక్కడే. తండ్రి పోలయ్య టాటానగర్ స్టేషన్‌లో ఖలాసీ. కొడుకు బీయస్సీ గట్టెక్కి, కలకత్తాలో ఏదో కోర్సు చేసి, గోవింద్‌పూర్ అవతల ఖర్కాయి యాక్సిల్ కంపెనీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరిన దగ్గర్నుంచి ఆయన నడకే మారిపోయింది. మే నెల ఎండలో ఊరంతా ఉడికిపోతుంటే కూర్మారావు స్వెట్టరు సంచిలో పెట్టుకుని డ్యూటీకి బయల్దేరేవాడు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. పోలయ్య మాత్రం టీ కొట్టు దగ్గర నలుగురికీ వినపడేలా చెప్పేవాడు: "ఆ మెషీనుకి ఉక్కపోత్తే పని సెయ్యదు. మావోడు సలిగదిలో దాని కాడే ఉండాల."

ఆ గదిలో కూర్మారావుకి అప్పజెప్పిన పని టేపులు చూసుకోవడం. భోజనం పళ్లెమంత చక్రాలకి చుట్టిన టేపులు. కంపెనీలో పనిచేసేవాళ్ల పేర్లూ, వాళ్ల ఇంటివాళ్ల పేర్లూ ఒక టేపులో ఉండేవి. కంపెనీ ఆస్పత్రి కిటికీలో గుమాస్తా తిరగేసే కాగితాలు దాంట్లోంచి అచ్చై వచ్చినవే. వాటిలో పేరుంటే వైద్యం. లేకపోతే లేదు.

నెలనెలా కొత్త కోడళ్లూ, పుట్టిన పిల్లలూ ఆ చిట్టాలో చేరేవారు. అలా చేర్చినప్పుడు పాత టేపుని ముట్టుకోరు. దాన్ని చదివి, కొత్త పేర్లు కలిపి, మొత్తం ఇంకో టేపు మీద రాస్తారు. కొత్తది పాడైనా పాతదుంటుందన్న ధైర్యం. అలా మూడు టేపులు వంతుల మీద తిరిగేవి. తాజాది కొడుకు, దాని ముందుది తండ్రి, అంతకు ముందుది తాత. వచ్చే నెల తాత టేపుని చెరిపి దానిమీదే కొత్త కొడుకుని రాస్తారు. అప్పుడు మొన్నటి కొడుకు తండ్రవుతుంది, తండ్రి తాతవుతుంది. ఈ వరసలు కూర్మారావు కల్పించినవి కావు, ఆ పనివాళ్లు ఎక్కడైనా అనే మాటలే.

ఆఫీసరు సీతారామరావుది గుంటూరు. ప్రతి టేపుకీ ఎప్పటికీ మారని నంబరొకటి ఉండాలనీ, ఆ నంబరూ తేదీ సిరాతో రాసి గట్టిగా అతికించాలనీ ఆయన మొదట్లోనే చెప్పాడు. కూర్మారావుకి అదంతా చాదస్తం అనిపించింది. చిన్న చీటీల మీద తెలుగులో తాత, తండ్రి, కొడుకు అని రాసి, నెలనెలా వాటినే ఒక టేపు మీంచి తీసి ఇంకోదానికి అతికించడం మొదలుపెట్టాడు. సీతారామరావు మామూలుగా అతని మాట వినగానే, "ఏటి కాదయ్యా, ఏమిటి," అని దిద్దే మనిషి. ఆ చీటీలు చూసి మాత్రం, "బాగానే ఉందోయ్ నీ వంశవృక్షం," అని నవ్వాడు. అంతటాయన మెచ్చుకున్నాక కూర్మారావు ఇక నంబర్ల జోలికి పోలేదు.

అది ఎనభై మూడో సంవత్సరం. ఆ జూలైలో కంపెనీకీ యూనియన్‌కీ ఒప్పందం కుదిరింది. అప్పటిదాకా పెళ్లాం బిడ్డలకే ఉన్న వైద్యం ఇకనుంచి ముసలి తల్లిదండ్రులకి కూడా. వీధిలో పండగలా అయింది. కూర్మారావు వాళ్లకి నాలుగిళ్ల అవతలుండే ఆదిబాబు, అదే కంపెనీలో ఇనుము సాగగొట్టే సమ్మెట షాపులో పనిచేసేవాడు, తల్లి సన్యాసమ్మ పేరు రాసిన ఫారం పట్టుకుని నేరుగా కూర్మారావు దగ్గరికే వచ్చాడు.

"మాయమ్మకి రెండు కళ్లకీ పొరలొచ్చీసినాయి. ఆపరేషన్ సేయించాల. ఆపీసులో ఇత్తే ఎక్కడ పారేత్తారో అని నీకే ఇత్తన్నాను."

"నాకిచ్చినావు కదన్నా, ఇంక మరిసిపో. నానే ఎక్కిత్తాను," అన్నాడు కూర్మారావు. అన్నట్టే ఎక్కించాడు కూడా. జూలైలో, ఆగస్టులో అలా ఎందరో ముసలివాళ్ల పేర్లు చిట్టాలో చేరాయి.

ఆగస్టు ఆఖరున ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. చలిమిషన్లు ఆగిపోయి, వాన రోజుల తేమంతా గదిలోకి వచ్చి పడింది. సాయంత్రం డ్యూటీ దిగుతూ కూర్మారావు టేపుల అర దగ్గరికి వెళ్తే రెండు చీటీలు జిగురూడి కింద పడున్నాయి. ఒకటి తాత, ఒకటి కొడుకు. ఏది దేనిది? టేపు మొదట్లో దాని పేరూ తేదీ మెషీనే రాసి ఉంచుకుంటుంది. ఎక్కించి చూస్తే తెలిసిపోతుంది, కానీ కరెంటు లేదు. బయట కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. పైనున్నది కొడుకే అయ్యుంటుందనుకుని, ఉమ్మి తడి చేసి రెండు చీటీలూ అతికించేశాడు. రేపొచ్చి సరిచూద్దాం అనుకున్నాడు. ఆ రేపు అతనికి గుర్తే రాలేదు.

సెప్టెంబరు పని మొదలుపెట్టినప్పుడు మెషీన్ అడిగింది, ఈ టేపుని ఉంచాల్సిన గడువు తీరలేదు, చెరపమంటావా అని. అది రోజూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. అతని వేళ్లు అలవాటుగా అవునని కొట్టేశాయి. తాత అనుకుని చెరిపించినది అసలు కొడుకుని. కొడుకు అనుకుని చదివించినది జూన్ నాటి పాత చిట్టాని. మధ్యలో తండ్రి టేపులో జూలై పేర్లు కొన్ని మిగిలున్నా, అక్టోబరులో వంతు ప్రకారం అదీ చెరిగిపోయింది. ముసలివాళ్ల పేర్లు ఒక్కటీ మిగల్లేదు. ఫారాలు పని అయిపోగానే, ఆస్పత్రిలో పాత కాగితాలు కొత్తవి రాగానే చింపేసేవారు కాబట్టి వెతుక్కోవడానికి అవీ లేవు.

ఆస్పత్రి నుంచి ఫిర్యాదులు వచ్చాక సీతారామరావు అడిగితే, కూర్మారావు మూడు టేపులూ ఒక్కొక్కటే ఎక్కించి వాటి మొదట్లో ఉన్న తేదీలు చదివాడు. చదువుతూండగానే జరిగిందేమిటో తెలిసిపోయింది. దాచలేదు. ఆఫీసరుకి ఉన్నదున్నట్టు చెప్పాడు.

సీతారామరావు గది తలుపు మూశాడు. "ఆ చీటీలు చూసి నవ్విందీ నేనే కదా. పైవాళ్లకి తెలిస్తే ఇద్దరం పోతాం. ఫారాలు సరిగ్గా నింపనివాళ్లు మళ్లీ ఇవ్వాలని నోటీసు పెడదాం. ఈ మాట ఈ గది దాటకూడదు. అర్థమైందా?"

"అయిందండి," అన్నాడు కూర్మారావు. పెద్ద గండం గడిచిందనిపించింది అతనికి.

ఆ వారంలోనే సన్యాసమ్మ ఆపరేషన్‌కని కోడలు సూరమ్మ చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి వెళ్లింది. ఉతికిన చీర కట్టుకుని, బస్సులో కనబడ్డవాళ్లందరికీ కళ్లు బాగుచేయించుకోడానికి వెళ్తున్నానని చెప్పుకుంటూ వెళ్లింది. కిటికీలో గుమాస్తా కాగితాలు రెండుసార్లు తిరగేసి, "నామ్ నహీఁ హై, మాజీ. బేటే నే నామ్ దియా హీ నహీఁ," అన్నాడు. పేరు లేదని, కొడుకు నీ పేరే ఇవ్వలేదని. వెనక వరసలో ఉన్నవాళ్లంతా విన్నారు.

సాయంత్రం కూర్మారావు అరుగు మీద కూర్చుని టీ తాగుతుంటే గోడ తడుముకుంటూ ఆమె వచ్చింది. పోలయ్య మంచం మీద జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు.

"బాబూ కూర్మా, నీకు తెలీకుండా ఆ మెషీన్లో ఏదీ ఉండదంట. నిజం సెప్పు. మావోడు నా పేరు రాయించినాడా, నేదా?"

కూర్మారావు టీ గ్లాసులోకి చూశాడు. సీతారామరావు మూసిన తలుపు కళ్లముందుకొచ్చింది. అతను నోరు విప్పేలోగా పోలయ్యే అందుకున్నాడు. "మనుసులు అబద్దమాడతారు గానీ మెషీను ఆడదప్పా. అవునేట్రా?"

తండ్రి మొహంలో ఆ వెలుగు చూసి కూర్మారావుకి ఇంకో మాట రాలేదు. "మెషీన్లో ఎక్కించిన పేర్లే వత్తాయి మామ్మా. ఎక్కించని పేరు రాదు," అన్నాడు.

ఆ మాటలో ఎక్కడా తప్పు లేదు. అంత చక్కగా, అంత నెమ్మదిగా అబద్ధం ఆడగలనని అతనికి అప్పటిదాకా తెలియదు.

సన్యాసమ్మ గోడ కోసం చెయ్యి చాపింది. "సర్లే బాబూ," అని వెనక్కి తిరిగింది.

ఆ రాత్రి ఆదిబాబు ఇంట్లో జరిగిన గొడవ వీధంతా వింది. కొడుకు ఒట్లు పెట్టుకున్నాడు. తల్లి వినలేదు. అడ్డం వచ్చిన సూరమ్మని పట్టుకుని, "నువ్వే ఒద్దనుంటావు. ముసలిది కళ్లు పోయి మూలన పడుంటేనే నీకు సుకం," అంది. తెల్లారాక బట్టల మూట నెత్తిన పెట్టుకుని స్టేషన్ వెనక రైల్వే క్వార్టర్లో ఉండే తన అన్న కూతురు చిలకమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. పోయి ఊరికే కూర్చోలేదు. పర్సుడీహ్ బజార్లో గోనె పరుచుకుని ఆకుకూరలు అమ్మడం మొదలుపెట్టింది. సరిగ్గా కనబడక, తోటకూర ఏదో బచ్చలి ఏదో వేళ్లతో తడిమి చూసుకుని కట్టలు కట్టేది. కొడుకు ఉద్యోగస్తుడై ఉండి తల్లి బజార్లో కూర్చుందని అందరూ ఆదిబాబుని ఆడిపోసుకున్నారు. కుళాయి దగ్గర సూరమ్మ బిందె పెడితే తక్కిన ఆడవాళ్లు మాటలు ఆపేసేవారు.

ఒకరోజు కంపెనీ బస్సులో ఆదిబాబు వచ్చి కూర్మారావు పక్కన కూర్చున్నాడు. "నీ సేతికే ఇచ్చినాను కదరా ఫారం. నీకు గురుతు నేదేటి?"

"రోజుకి ఎన్ని ఫారాలు వత్తాయో అన్నా. ఏది ఎవుడిదో ఎలగ సెప్పను?"

ఆదిబాబు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అవున్లే. నానే ఇచ్చినాననుకుని ఇవ్వనేదేమో," అన్నాడు.

అబద్ధం ఆడింది కూర్మారావు, తన బుర్రమీద తనకే నమ్మకం పోయింది ఆదిబాబుకి. అయినా కూర్మారావు నిజం చెప్పలేదు. ఇంట్లో అన్నం సయించేది కాదు. వీధిలోంచి పోవాల్సి వస్తే ఆదిబాబు ఇంటిముందు నుంచి కాకుండా రైలు పట్టాల వైపు నుంచి చుట్టు తిరిగి పోయేవాడు. తల్లి అడిగితే ఒంట్లో బాగోలేదనేవాడు. పోలయ్య మాత్రం చలిగదిలో ఉండి ఉండి పడిశం పట్టిందని అందరికీ చెప్పుకున్నాడు.

నోటీసు పెట్టాక ఫారాలు తీసుకోడానికి గేటు పక్కన బల్ల వేశారు. సీతారామరావు అక్కడ కూర్మారావునే కూర్చోబెట్టాడు. ఎండలో వరస కట్టినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, పోయినసారి తప్పు తమదేనన్నట్టు, "మాఫ్ కరనా బాబూ, పిఛ్లీ బార్ గల్తీ హో గయా," అంటూ కాగితాలిచ్చి పోతున్నారు. తల ఎత్తకుండా తీసుకుంటున్నాడు. అంతలో నూనె మరకల చెయ్యొకటి ఫారం ముందుకు జరిపింది. చూస్తే ఆదిబాబు. షాపులోంచి అలాగే వచ్చాడు. నెత్తిమీది హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సార్," అన్నాడు.

చిన్నప్పుడు కూర్మారావుని భుజం మీద ఎక్కించుకుని రథం చూపించినవాడు. అరే, ఒరే తప్ప ఇంకోలా పిలిచి ఎరగడు. ఇప్పుడు నలుగురిలో సార్ అంటున్నాడు.

"సార్, ఒక్క మాట. ఈ పాలి పేరు ఎక్కినాక, ఎక్కినాదని ఏదైనా కాయితం ఇత్తారా? మాయమ్మకి సూపించుకోవాల."

కూర్మారావు అవునన్నట్టు తల ఊపాడు. ఫారం తీసుకున్నాడు. ఆదిబాబు నమస్కారం పెట్టి హెల్మెట్ తొడుక్కుని వెళ్లిపోయాడు. అతను గేటు దాటేదాకా చూసి, కూర్మారావు బల్ల మీది కాగితాలు పక్కవాడికి అప్పజెప్పాడు. సీతారామరావుకి చెప్పలేదు. కంపెనీ బస్సు కోసం ఆగలేదు. ట్రెక్కర్ జీపు ఎక్కి పర్సుడీహ్ బజార్లో దిగాడు.

సన్యాసమ్మ మిట్టమధ్యాహ్నం ఎండలో చీర కొంగు నెత్తిన వేసుకుని కూర్చునుంది. ఎదురుగా ఎవరో వచ్చి నిలబడ్డారని మాత్రం తెలిసింది. "పాలకూర తాజాది బాబూ. క్యా లేగా?" అంది.

"మామ్మా, నాను. కూర్మారావుని."

"నువ్వా. ఏటి, డ్యూటీ నేదా?"

అతను గోనె పక్కన నేలమీద కూర్చున్నాడు. దారి పొడవునా కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "ఆదిబాబన్న నీ పేరు రాయించినాడు మామ్మా. నా సేతికే ఇచ్చినాడు. నానే ఎక్కించినాను. తరవాత నానే సెరిపేసినాను. టేపుల మీద సీటీలు ఊడిపోతే ఒకదానిది ఇంకోదానికి అంటించీసినాను. కొత్తది పాతదనుకుని తుడిసేసినాను. నీదొక్కటే కాదు, అందరివీ పోయినాయి."

ఆమె చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది. టేపులూ చీటీలూ ఆమెకి అర్థమయ్యాయో లేదో. "అయితే మావోడు రాయించినాడా?"

"రాయించినాడు మామ్మా."

"సూరమ్మ ఒద్దననేదా?"

"నేదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. చుట్టూ బేరాలు సాగుతూనే ఉన్నాయి. అతనివైపు తిరిగి అడిగింది. "ఆ పొద్దు నాను మీ ఇంటికొచ్చి అడిగినాను కదా. అప్పుటికే నీకు తెల్సా?"

అడగదేమో అనుకున్నాడు. ఆ ఒక్కటీ అడక్కపోతే బాగుండునని దార్లో వెయ్యి దేవుళ్లకి మొక్కుకున్నాడు.

"తెల్సు," అన్నాడు.

సన్యాసమ్మ మిగిలిన ఆకుకూర పక్క దుకాణం ఆమెకి ఇచ్చేసి, గోనె దులిపి చుట్టి చంకలో పెట్టుకుంది. లేచి చెయ్యి చాపింది. "నడు. నాకు దారి కానరాదు. ఈదిలో అందరూ మావోడినీ, కోడల్నీ అనరాని మాటలన్నారు. నాను మొదలెట్టినాను, ఆళ్లు అందుకున్నారు. అందరికీ సెబుదువు గాని."

ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. వీధి మొదట్లో కుళాయి దగ్గర నీళ్లు పడుతున్న ఆడవాళ్ల ముందు ఆగి, "సెప్పు బాబూ," అంది. అతను చెప్పాడు. ఆ తర్వాత నూకమ్మ ఇల్లు. ఆ తర్వాత ముసలయ్య కిరాణా కొట్టు. ప్రతిచోటా ఆమె, "సెప్పు బాబూ," అనేది, అతను చెప్పేవాడు. మొదట టేపులూ, కరెంటూ, జిగురూ అన్నీ చెప్పుకొచ్చాడు. ఇల్లు మారినకొద్దీ అవన్నీ వాటంతటవే రాలిపోయాయి. ఆఖరికి, "తప్పు నాది. ఆదిబాబన్న పేరిచ్చినాడు. నానే పోగొట్టినాను. అడిగితే అబద్దమాడినాను," అన్నంత మాత్రమే మిగిలింది. కొట్లో కూర్చున్న కుర్రకారు, "అరే, కంప్యూటర్ బాబూ," అని నవ్వారు. ముసలయ్య వాళ్లని కసిరాడు. తన తరఫున ఆయన కసరడం కూర్మారావుకి ఇంకా సిగ్గనిపించింది.

తన ఇల్లు దగ్గర పడేసరికి కూర్మారావు కాళ్లు ఆగిపోయాయి. "ఇక్కడొద్దు మామ్మా. నాను తరవాత సెప్పుకుంటాను."

"ఇదీ ఇల్లే కదా," అందామె.

పోలయ్య నైట్ డ్యూటీ చేసొచ్చి, పడుకుని లేచి, మంచం మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. కొడుకు చెప్పిందంతా సగం సబ్బు నురగ మొహంతోనే విన్నాడు. విని, లేచి, సన్యాసమ్మ ముందుకొచ్చి రెండు చేతులూ జోడించబోయాడు. చేతిలో కత్తి ఉన్న సంగతి అప్పుడు చూసుకుని కింద పెట్టాడు. "మెషీను అబద్దమాడదని నానే అన్నానప్పా," అన్నాడు. కొడుకువైపు చూడలేదు. అద్దం బోర్లించి లోపలికి వెళ్లిపోయాడు. కూర్మారావు జీవితంలో తండ్రి అలా వంగి నడవడం చూడలేదు.

ఆఖరున ఆదిబాబు ఇల్లు. అతనింకా డ్యూటీ దిగలేదు. సూరమ్మ బియ్యం ఏరుతోంది. అత్తని చూసి లేచి నిలబడింది గానీ అడుగు ముందుకు వెయ్యలేదు. కూర్మారావు చెప్పడం అయ్యాక సన్యాసమ్మ, "అమ్మా సూరీ, నా నోరు పడిపోను," అని ఏడ్చింది. సూరమ్మ చేట కింద పెట్టి అత్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"పేరు పోతే మల్లీ రాసుకుంటాం బాబూ. ఈదంతా నన్నన్న మాటలు ఎవుడు సెరుపుతాడు?"

ఆమె తలుపు వేసుకుంది.

మర్నాడు సీతారామరావు పిలిచి, "ఊరంతా దండోరా వేశావట," అని మండిపడ్డాడు. కానీ మాట బయటికి పొక్కాక ఆయనా దాచలేకపోయాడు. పై ఆఫీసరుకి రాసి ఇచ్చాడు. నోటీసు మార్చి, పొరపాటు కంపెనీదేనని పెట్టారు. టేపులకి చెరగని రంగుతో నంబర్లు వేయించారు, ఆ నంబరూ మెషీన్ చదివిన పేరూ ఒకటైతేనే పని మొదలెట్టాలని ఆర్డరేశారు. కూర్మారావుని టేపుల దగ్గర్నుంచి తీసేసి మెషీన్ చదివే అట్టకార్డుల మీద పేర్లు పంచ్ చేసే హాల్లో వేశారు. ముసలివాళ్ల పేర్లన్నీ మళ్లీ పంచ్ చేసింది అతనే. ఒక్కో పేరూ కొట్టాక పైకి చదువుకుని సరిచూసేవాడు. ఆదిబాబు అడిగిన కాయితం, తల్లి పేరున్న అచ్చు పేజీ, తీసుకెళ్లి ఇచ్చాడు. ఆదిబాబు చూసి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడెందుకురా ఇది," అన్నాడు. మళ్లీ ఒరే అన్నందుకు కూర్మారావుకి ఏడుపొచ్చినంత పనైంది.

చలికాలంలో సన్యాసమ్మకి ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండోది ఎండలు ముదరకముందే చేశారు. ఆమె అతన్ని చూస్తే మునుపటిలాగే పలకరించేది. ఆదిబాబు కూడా బస్సులో చోటుంటే పిలిచి కూర్చోబెట్టుకునేవాడు. పోలయ్య టీ కొట్టు దగ్గర కంప్యూటర్ ఊసెత్తడం మానేశాడు.

సూరమ్మ మాత్రం ఇంకెప్పుడూ అతనితో మాట్లాడలేదు. కోపంగా చూసేదీ కాదు. ఎదురుపడితే దారిస్తున్నట్టు పక్కకి తప్పుకునేది, అంతే. ఆమె దూరంగా బిందెతో వస్తూ కనబడితే చాలు, కూర్మారావు ముందే తల దించుకుని గోడవారకి జరిగేవాడు. అతని పెళ్లయి, పిల్లలు పుట్టి, ఆ వీధి వదిలి వేరే చోట ఇల్లు తీసుకునేదాకా అది అలాగే సాగింది.